పిల్లల ఇమ్యునాలజీ, ఇన్ఫెక్షన్ల పరిశోధనలోకి రావాలంటే వార్డు వదిలేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పిల్లల వైద్యంలో పీజీ చివరి ఏడాదిలో ఉన్నారు. ఇన్ఫెక్షన్లు, ఇమ్యూనిటీ మీద పరిశోధన చేయాలని ఉంది. అందుకు వార్డు వదిలేసి ల్యాబ్‌లో కూర్చోవాలా, రెండూ కలిపి చేయొచ్చా? పీహెచ్‌డీ తప్పదా? ఇమ్యునాలజీ (ఇమ్యూనిటీ గురించిన శాస్త్రం) తీసుకోవాలా, ఇన్ఫెక్షియస్ డిసీజెస్ (ఇన్ఫెక్షన్ల వైద్యం) తీసుకోవాలా? ఇందులో బతుకు ఎలా ఉంటుంది?

సూటిగా చెప్తాను. వార్డు వదలకండి. కానీ డ్యూటీలన్నీ పక్కనపెట్టి పరిశోధన ఒక్కటే చేసే మూడు నాలుగేళ్ళు మాత్రం ఎక్కడో ఒకచోట దొరికించుకోవాలి. డ్యూటీ అయ్యాక మిగిలిన ఓపికతో చేసే పనికి పేపర్లు వస్తాయి, పరిశోధన పని మాత్రం చేతికి రాదు. నేను చాలా ఏళ్ళుగా సగం వార్డులో, సగం ల్యాబ్‌లో గడుపుతున్నాను. నా కింద పనిచేసినవాళ్ళలో నిలదొక్కుకున్నవాళ్ళంతా ఏదో ఒక దశలో ఈ విరామం తీసుకున్నవాళ్ళే.

వార్డు ఎందుకు వదలకూడదంటే, ఈ రంగంలో పెద్ద ప్రశ్నలు చాలావరకు పుట్టింది మంచం పక్కనే. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికా సైన్యపు పిల్లల డాక్టర్ ఒక ఎనిమిదేళ్ళ బాబు గురించి రాశాడు. ఆ బాబుకు న్యుమోకాకస్ అనే బాక్టీరియా పదేపదే రక్తంలోకి ఎక్కేది. అప్పటికి కొత్తగా వాడుకలోకి వస్తున్న ఎలక్ట్రోఫొరెసిస్ పరీక్ష (రక్తంలోని ప్రొటీన్లను విడదీసి చూపేది) చేసి చూస్తే గామా గ్లోబ్యులిన్, అంటే యాంటీబాడీలుండే భాగం, కనబడాల్సిన చోట ఏమీ లేదు. బయటి నుంచి గామా గ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు ఇస్తే ఇన్ఫెక్షన్లు తగ్గాయి. ఈ జబ్బుకు కారణమైన బీటీకే జన్యువు 1993లో దొరికింది. ఆ జన్యువు తయారుచేసే ఎంజైమును అడ్డుకునే మందులు ఇప్పుడు పెద్దవాళ్ళ రక్త కేన్సర్లలో వాడుతున్నారు. ఈ దారి ఒక పిల్లవాడి దగ్గర మొదలవుతుందని 1952లో ఎవరు ఊహించి ఉంటారు?

మాక్స్ కూపర్ కూడా పిల్లల డాక్టరే. యాంటీబాడీలు లేని పిల్లలు చాలా వైరస్‌లను బాగానే తట్టుకుంటున్నారు. యాంటీబాడీలు ఉన్న మరికొందరు పిల్లలు మాత్రం అవే వైరస్‌లకు లొంగిపోతున్నారు. ఈ తేడా ఆయన్ని వదల్లేదు. రాబర్ట్ గుడ్ అనే ఇమ్యునాలజిస్టు దగ్గర పనిచేస్తూ కోడిపిల్లల్లో థైమస్, బర్సా అనే రెండు అవయవాలను విడివిడిగా తీసేసి చూశాడు. ఇప్పుడు మనం టీ కణాలు (థైమస్‌లో తయారయ్యేవి), బీ కణాలు (యాంటీబాడీలు తయారుచేసేవి) అని చెప్పుకునే విభజన 1965లో అలా తేలింది. కోడిపిల్లల పని ఎవరైనా చేయగలరేమో గానీ, ఆ ప్రశ్న తట్టాలంటే రెండు రకాల పిల్లల్నీ చూసి ఉండాలి.

ఇమ్యునాలజీయా, ఇన్ఫెక్షన్లా? మీరు అనుకుంటున్నంత గోడ ఈ రెంటి మధ్య లేదు. బీసీజీ టీకా వేసిన పిల్లల్లో చాలా అరుదుగా ఒకరికి ఆ టీకాలోని బలహీనపు క్రిమే ఒళ్ళంతా పాకుతుంది. మామూలు పరీక్షల్లో ఇమ్యూనిటీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 1996లో లండన్, పారిస్ బృందాలు రెండూ ఇలా ఆ జాతి క్రిములకు లొంగిన పిల్లల్లో ఇంటర్‌ఫెరాన్ గామాను (క్రిములు సోకినప్పుడు కణాలు పంపుకునే సంకేతపు ప్రొటీన్లలో ఒకటి) అందుకునే రిసెప్టర్ జన్యువులో లోపం ఉందని చూపించాయి. అంటే ఆ ఒక్క జాతి క్రిముల దగ్గరే బోల్తాపడే ఇమ్యూనిటీ కూడా ఉంటుందన్నమాట. పారిస్ బృందంలోని జాన్ లొరాన్ కజనోవా (ఈయనా పిల్లల డాక్టరే) అక్కడితో ఆగలేదు. హెర్పిస్ వైరస్ అందరికీ సోకేదే, మరి వేలల్లో ఒక పిల్లకే మెదడువాపు ఎందుకొస్తుంది అని వెతికారు. కొందరిలో ఇంటర్‌ఫెరాన్ దారిలోనే లోపం ఉందని, వాటిలో టీఎల్ఆర్3 జన్యువు ఒకటని 2007 నాటికి తేలింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అదే బృందం అదే ప్రశ్న పెద్దవాళ్ళ మీద వేసింది. ప్రాణం మీదికొచ్చిన కోవిడ్ న్యుమోనియా రోగుల్లో కనీసం 10 శాతం మంది ఒంట్లో సొంత ఇంటర్‌ఫెరాన్లనే అడ్డుకునే యాంటీబాడీలు కనబడ్డాయి. ఇప్పుడు దీన్ని ఇమ్యునాలజీ అనాలా, ఇన్ఫెక్షన్ అనాలా?

అయినా శిక్షణకు ఏదో ఒక పేరు ఎంచుకోక తప్పదు. నా సలహా: క్లినికల్ శిక్షణ ఇన్ఫెక్షియస్ డిసీజెస్‌లో తీసుకోండి, పరిశోధన శిక్షణ ఇమ్యునాలజీలో తీసుకోండి. ఇన్ఫెక్షన్ల డాక్టర్ అవసరం ఏ ఆసుపత్రికైనా ఉంటుంది, రోజూ రోగులు వస్తారు. ఇమ్యునాలజీ ల్యాబ్ పని మాత్రం వయసు మీద పడ్డాక నేర్చుకోవడం కష్టం. దీనికి ఒప్పుకోని మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. అరుదైన జన్యులోపాలు, మూలుగ మార్పిడులు మిమ్మల్ని లాగుతుంటే వాళ్ళ మాటే విని క్లినికల్ శిక్షణ కూడా ఇమ్యునాలజీలోనే తీసుకోండి.

ఇక అసలు కష్టం గురించి. పిల్లల ఇమ్యూనిటీ మీద పనిచేయాలంటే పెద్దవాళ్ళ పుస్తకాన్ని చాలావరకు పక్కన పెట్టాలి. పుట్టిన బిడ్డ రక్తంలో ఉండే ఐజీజీ రకం యాంటీబాడీలు దాదాపు అన్నీ తల్లివే. అవి ఎక్కువగా ఆఖరి మూడు నెలల్లో మాయ దాటి వస్తాయి. కాబట్టి నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ తక్కువ రక్షణతో లోకంలోకి వస్తుంది. ఆ తల్లి యాంటీబాడీలే తట్టు టీకా పనిచేయకుండా అడ్డం పడతాయి. తట్టు టీకా 9 నెలలకో, 12 నెలలకో వేయడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

హిబ్ అనే బాక్టీరియా కథ నా దగ్గరికొచ్చే ప్రతి విద్యార్థికీ చెప్తాను. ఆ బాక్టీరియా పైపొరలోని చక్కెరతో చేసిన మొదటి టీకా అమెరికాలో 1985లో వచ్చింది. ఆ బాక్టీరియా తెచ్చే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ఎక్కువగా కబళించేది రెండేళ్ళ లోపు పిల్లల్ని. టీకా సరిగ్గా పనిచేయనిది కూడా ఆ వయసులోనే. ఒట్టి చక్కెరకు టీ కణాల సాయం అందదు, ఆ సాయం లేకుండా పసివాళ్ళ బీ కణాలు దానికి సరిగా స్పందించవు. అదే చక్కెరను ఒక ప్రొటీనుకు అతికిస్తే టీ కణాలు కూడా రంగంలోకి దిగుతాయి. అలా అతికించిన టీకా 1990 నుంచి అక్కడ నెలల పిల్లలకు ఇస్తున్నారు. టీకా అందిన చోటల్లా హిబ్ మెనింజైటిస్ దాదాపు కనుమరుగైంది. ఈ పనికి 1996లో లాస్కర్ అనే వైద్య పరిశోధన అవార్డు అందుకున్న నలుగురిలో పిల్లల డాక్టర్లున్నారు. ఏ వయసులో ఏది పనిచేయదో తెలియడమే అక్కడ సగం పని.

వార్డులో రేపే పనికొచ్చే విషయం ఇంకొకటి. నాలుగు నెలల పాప, నోట్లో తగ్గని తెల్లపూత, ఎడతెగని దగ్గు, పెరగని బరువు. రక్తపరీక్షలో లింఫోసైట్లు (టీ, బీ కణాలుండే తెల్లకణాల రకం) మైక్రోలీటరుకు 1,800. ల్యాబ్ రిపోర్టులో ఏ గుర్తూ ఉండదు, ఎందుకంటే అక్కడ అచ్చువేసినది పెద్దవాళ్ళ పరిమితి. ఆ వయసులో 2,500 కంటే తక్కువ కనబడితే స్కిడ్, అంటే టీ కణాలు దాదాపు లేకుండా పుట్టే తీవ్ర లోపం ఉందేమోనని అనుమానించాలి. ఇలాంటి రిపోర్టులు మామూలివేనన్న ముద్రతో నా దగ్గరికి వచ్చిన సందర్భాలున్నాయి. లింఫోసైట్ల శాతం కాదు, మొత్తం సంఖ్య లెక్కగట్టి వయసుతో పోల్చండి. అనుమానం తీరేదాకా బతికున్న క్రిముల టీకాలు ఆపండి. రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చినదే అడగండి. 2014లో వచ్చిన ఒక ఉత్తర అమెరికా అధ్యయనంలో, మూడున్నర నెలల లోపు మూలుగ మార్పిడి జరిగిన స్కిడ్ పిల్లల్లో అయిదేళ్ళ తర్వాత 94 శాతం మంది బతికి ఉన్నారు. ఆలస్యమై, అప్పటికే ఇన్ఫెక్షన్ పట్టుకున్నవాళ్ళలో ఫలితం అంత బాగా లేదు.

ఇక్కడే పరిశోధన ఏం చేసిందో చూడండి. టీ కణం థైమస్‌లో తన రిసెప్టర్‌ను తయారుచేసుకునేటప్పుడు చిన్న డీఎన్‌ఏ వలయాలు మిగిలిపోతాయి, చొక్కా కుట్టగా మిగిలిన గుడ్డపేలికల్లాగా. పేలికలు లేవంటే చొక్కాలు కుట్టడం లేదని అర్థం. పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలో ఈ వలయాలను లెక్కపెట్టొచ్చని అమెరికా పరిశోధకురాలు జెన్నిఫర్ పక్ బృందం 2005లో చూపించింది. 2008లో విస్కాన్సిన్ రాష్ట్రం పుట్టిన బిడ్డలందరికీ ఆ పరీక్ష మొదలుపెట్టింది. 2018 చివరికి అమెరికా రాష్ట్రాలన్నీ చేస్తున్నాయి. ప్రాథమిక ఇమ్యునాలజీలో చెత్తముక్కలా కనిపించేది ఒకటి, స్కిడ్ పిల్లలు ఎంత ఆలస్యంగా చేరుతున్నారో కళ్ళారా చూసినవాళ్ళ చేతిలో పడింది.

మూడు కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం పావు లీటరు అటూఇటూ. పరిశోధన కోసం ఒక్కసారికి అందులో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం దాటొద్దన్నది చాలా ఎథిక్స్ కమిటీలు పాటించే హద్దు. అంటే ఒక్కసారికి రెండున్నర మిల్లీలీటర్లు. పెద్దవాళ్ళ మీద రాసిన ల్యాబ్ పద్ధతులు సగం ఇక్కడే కూలిపోతాయి. పైగా న్యూట్రోఫిల్స్‌ను (బాక్టీరియాను మింగి చంపే తెల్లకణాలను) మామూలు కణాల్లా ఫ్రీజర్‌లో దాచలేం. క్రానిక్ గ్రాన్యులోమటస్ డిసీజ్ (ఆ కణాలు మింగిన క్రిములను చంపలేని జబ్బు) అనుమానంతో ఆ కణాల పనితీరు చూడాలంటే రక్తం తీసిన మర్నాటిలోగా పరీక్ష అయిపోవాలి, పక్కనే ఆరోగ్యవంతుల నమూనా కూడా పెట్టాలి. శనివారం సాయంత్రం పాప వస్తే ఎవరు చేస్తారు? ఇలాంటి ఏర్పాట్లు, నర్సులతో సఖ్యత, మామూలు పరీక్షలకు సూది గుచ్చినప్పుడే మన నమూనా కూడా తీయించుకోవడం, వీటితోనే సగం కెరీర్ గడిచిపోతుంది. పేపర్లో ఇదంతా ఒక్క వాక్యం.

పరిశోధన అనగానే పిపెట్ పట్టుకోవడమే అనుకోకండి. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లలతో జరిగిన ఫీస్ట్ అనే ట్రయల్ ఫలితాలు 2011లో వచ్చాయి. తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ మందగించి వచ్చిన పిల్లలకు సెలైన్ వేగంగా ఎక్కించాలని మనమంతా చదువుకున్నాం. అలా ఎక్కించిన గుంపుల్లో 48 గంటల్లో దాదాపు 10.5 శాతం మంది చనిపోతే, ఎక్కించని గుంపులో 7.3 శాతం. ట్రయల్‌ను మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. ఈ పనికి నాయకత్వం వహించిన క్యాథరిన్ మెయిట్‌లాండ్ అక్కడి పిల్లల వార్డుల్లో ఏళ్ళతరబడి పనిచేసిన డాక్టర్. ల్యాబ్ మీద మోజు లేకపోతే ట్రయల్స్, ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎలా వస్తాయో లెక్కగట్టే శాస్త్రం) దారిలో కూడా మంచి పరిశోధకులు కావచ్చు, కాకపోతే గణాంకాలు గట్టిగా రావాలి.

ఓపిక గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. పసిపిల్లల ఊపిరితిత్తులను పట్టే ఆర్‌ఎస్‌వీ వైరస్‌కు ఫార్మలిన్‌తో చంపిన క్రిములతో టీకా తయారుచేసి 1966లో అమెరికాలో పసిపిల్లల మీద పరీక్షించారు. టీకా వేయించుకుని తర్వాత వైరస్ సోకిన పిల్లల్లో 80 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. టీకా రక్షించకపోగా జబ్బును పెంచింది. దాంతో ఆ టీకా ఊసెత్తడానికే దశాబ్దాలు భయపడ్డారు. వైరస్ పైనుండే ఎఫ్ ప్రొటీన్, వైరస్ పొరను కణపు పొరతో కలపకముందు ఒక ఆకారంలో, తర్వాత ఇంకో ఆకారంలో ఉంటుంది. బలమైన యాంటీబాడీలు పుట్టాలంటే మొదటి ఆకారం కావాలి. దాన్ని స్థిరంగా పట్టి నిలిపే పని 2013లో కుదిరింది. 2023 నాటికి గర్భిణులకు వేసే టీకా, పసివాళ్ళకు ఇచ్చే నిర్సెవిమాబ్ యాంటీబాడీ రెండూ వాడకంలోకి వచ్చాయి. 1966లో ఆ సమస్య మీద పనిచేసినవాళ్ళలో చాలామంది రిటైరైపోయారు. ఈ లెక్క మీకు ఇబ్బందిగా అనిపిస్తే ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది.

పీహెచ్‌డీ తప్పదా? డిగ్రీ తప్పనిసరి కాదు, ఆ సంవత్సరాలు తప్పనిసరి. అయితే గ్రాంట్ కమిటీల ముందు డిగ్రీ పనికొస్తుంది, కాబట్టి ఎలాగూ మూడు నాలుగేళ్ళు ఇస్తున్నప్పుడు తీసేసుకోండి. ఆ కాలంలో ఒక టెక్నిక్ లోతుగా నేర్చుకోండి, ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా గుర్తించి లెక్కపెట్టే పద్ధతి) అయినా సరే, జన్యు విశ్లేషణ అయినా సరే. మీ డేటా మీరే విశ్లేషించుకునేంత కోడింగ్ రావాలి. పుట్టుకతో వచ్చే ఇమ్యూనిటీ లోపాలు గుర్తించినవి ఇప్పటికి 500 దాటాయి. సీక్వెన్సింగ్ (జన్యువుల్లోని అక్షరాలు చదివే పరీక్ష) చేయిస్తే ప్రతి పిల్లలో ఏదో ఒక వింత మార్పు కనబడుతుంది. అది జబ్బుకు కారణమని చెప్పాలంటే ఆ మార్పు వల్ల కణం పని చెడిందని, జన్యువును సరిచేస్తే పని బాగుపడిందని చూపించాలి. ఇది రాక సీక్వెన్సింగ్ రిపోర్టు దగ్గరే ఆగిపోయిన పేపర్లు కుప్పలుగా ఉన్నాయి.

సంస్థ పేరు కంటే గైడ్ ఎవరన్నది ముఖ్యం. చేరేముందు ఆయన దగ్గరో ఆవిడ దగ్గరో పనిచేసి వెళ్ళిపోయినవాళ్ళతో విడిగా మాట్లాడండి. మొదటి పేరు ఎవరికి వస్తుంది, ఫలితం అనుకున్నట్టు రాకపోతే ఏమంటారు, వెళ్ళిపోయేటప్పుడు సొంత ప్రశ్న వెంట తీసుకెళ్ళనిస్తారా అని అడగండి. "పరిశోధనకు వారంలో మూడు రోజులు కేటాయిస్తాం" అనే మాటను నమ్మకుండా డ్యూటీ రోస్టర్ చూపించమనండి. నేను పనిచేసిన ఒకచోట ఆ మూడు రోజులూ కాగితం మీదే ఉండేవి. ఎవరు సెలవు పెట్టినా ఆ ఖాళీలోకి పరిశోధనవాళ్ళనే తోసేవారు.

డబ్బు విషయం తొందరగా ముగిస్తాను, చెప్పడానికి ఎక్కువ లేదు. మీతో చదివి ప్రాక్టీస్ పెట్టినవాళ్ళ కంటే తక్కువ వస్తుంది, చాలాకాలం తక్కువే వస్తుంది. గ్రాంట్లు సాధారణంగా మూడు నుంచి అయిదేళ్ళవి. అడిగినవాటిలో తిరస్కరించేవే ఎక్కువ. మీ కింద పనిచేసేవాళ్ళ జీతాలు కూడా ఆ గ్రాంట్ మీదే ఆధారపడితే ఆ టెన్షన్ వేరు. వార్డు ఉద్యోగం చేతిలో ఉంచుకోమనడానికి ఇది రెండో కారణం. ఇంట్లోవాళ్ళకు ఇదంతా ముందే చెప్పండి.

నన్ను బాగా అలసిపోయేలా చేసేది మాత్రం ఇంకొకటి. బిడ్డ ఐసీయూలో ఉండగా తల్లిదండ్రులను పరిశోధనకు సమ్మతి అడగాలి. "దీనివల్ల మీ బిడ్డకు లాభం ఉండకపోవచ్చు, ఒప్పుకోకపోయినా వైద్యంలో తేడా ఉండదు" అని ఆ గదిలో చెప్పడం, వాళ్ళు నిజంగా విన్నారని తేల్చుకోవడం పుస్తకాల్లో రాదు. ఏడేళ్ళు దాటిన పిల్లల్ని సాధారణంగా వాళ్ళ ఒప్పుదల కూడా అడుగుతాం. చిన్నప్పుడు ఇచ్చిన నమూనా ఇంకా ఫ్రీజర్‌లో ఉంటే, ఆ పిల్ల పెద్దయ్యాక మళ్ళీ ఆమెనే అడగాలి. ఎక్స్ క్రోమోజోమ్ మీద వచ్చే లోపాల్లో "ఇది నా నుంచే వచ్చిందా డాక్టర్?" అని తల్లి అడుగుతుంది. చాలాసార్లు అవుననే చెప్పాలి. అప్పుడు పక్కన భర్త, అత్తగారు ఉంటే ఆ సంభాషణ ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. అందుకే ఫలితం చెప్పేటప్పుడు ముందు తల్లితో ఒంటరిగా మాట్లాడతాను. జన్యువులు ఎవరూ ఎంచుకుని ఇచ్చేవి కావని, తర్వాతి కాన్పులో పరీక్షకు వీలుందని చెప్పాకే మిగతావాళ్ళని పిలుస్తాను. జన్యు పరిశోధన మొదలుపెట్టేముందు మీ దగ్గర కౌన్సెలర్ ఉన్నారో లేదో చూసుకోండి. లేకపోతే ఆ పని మీ మీదే పడుతుంది.

ఈ చివరి ఏడాదిలో చేయదగ్గవి: ఏ లెక్కకూ కుదరని కేసులకు ఒక నోట్‌బుక్ పెట్టండి, పేర్లు రాయకుండా. రాకూడని వయసులో వచ్చిన ఇన్ఫెక్షన్, రాకూడని చోట చీము, ఒకే క్రిమి రెండోసారి, అన్నో అక్కో పసితనంలోనే పోయిన ఇల్లు, ఇలాంటివి. జపాన్ పిల్లల డాక్టర్ తొమిసాకు కవాసకి 1961లో మొదటి బాబును చూసి, జబ్బు పేరు తేలక, అలాంటివే పోగుచేసుకుంటూ పోయి 50 కేసులతో 1967లో పేపర్ రాశారు. ఇప్పుడు ఆయన పేరుతోనే పిలిచే ఆ జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు గానీ ఆయన రాసిన లక్షణాలతోనే నేటికీ గుర్తుపడుతున్నాం. రెండోది, ఏదైనా ల్యాబ్‌లో నెలో రెండు నెలలో ఊరికే పనిచేసి చూడండి. వారం రోజుల ప్రయోగం పాడై మళ్ళీ మొదటినుంచి చేయాల్సి వచ్చినప్పుడు మీకు విసుగొస్తుందా, ఎందుకు పాడైందో తెలుసుకోవాలనిపిస్తుందా అన్నది అక్కడే తెలుస్తుంది.

మీ పీజీ థీసిస్ దేనిమీదో రాయలేదు. అది ఇన్ఫెక్షన్లకు సంబంధించినదైతే కింద రాయండి, నమూనాలు దాచి ఉంచారో లేదో కూడా చెప్పండి. దాన్నే పీహెచ్‌డీ ప్రశ్నగా మార్చే వీలుందేమో చూద్దాం.